‘అది అయ్యాక’ అంటూ గడిచిన పద్దెనిమిదేళ్ళు

ప్రశ్న: అమ్మా, నాకు 44 ఏళ్ళు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. చేతికి నెలకు రెండు లక్షల అరవై వేలు వస్తాయి. 2007లో ఉద్యోగంలో చేరినప్పుడు సొంత బైకు ఉంటే చాలనుకున్నాను. ఆ తర్వాత కారు, అమెరికాలో రెండేళ్ళ ప్రాజెక్టు, 2017లో అరవై లక్షల అప్పుతో నిజాంపేటలో ఫ్లాటు, ఈమధ్య ఇంకా పెద్ద కారు. ఏది వచ్చినా నెల తిరక్కుండానే మామూలైపోయింది. ఆరోగ్యం కోసమని కొన్న ట్రెడ్‌మిల్ మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నాం. మా ఇంజనీరింగు బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నలుగురు విల్లాలకు మారారు. నేనూ నగరం శివార్లలోని కొల్లూరులో ఒకటి చూశాను. ఫ్లాటు అమ్మగా వచ్చే డబ్బు పోను, ఇంకా కోటీ నలభై లక్షలు అప్పు చెయ్యాలి. నెలాఖరులోగా ఐదు లక్షలు అడ్వాన్సు కట్టమంటున్నారు. కానీ ఎందుకో చెయ్యి ఆడటం లేదు. పాప ఎనిమిదో తరగతి, ఐఐటీ ఫౌండేషన్ కోర్సు చదువుతోంది. నా భార్య ఏమీ అడగదు. మా నాన్నగారు తెనాలిలో ఉంటారు, జిల్లా పరిషత్ పాఠశాలలో పనిచేసి 2011లో పదవీ విరమణ చేశారు. రోజూ సాయంత్రం ఐదింటికి అరుగు మీద కూర్చుని కాఫీ తాగడమే ఆయనకు పండగ. ఒకప్పుడు ‘ఇదేం జీవితం’ అనుకునేవాణ్ణి, ఇప్పుడు అసూయ కలుగుతోంది. ఉన్నదానితో తృప్తిగా బతకడం ఎలా? ఉద్యోగం మానేసి ఊళ్ళో సేంద్రియ వ్యవసాయం చేసుకోనా? పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్ళనా? లేక ఇదంతా నా బద్ధకమేనా?

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఇది బద్ధకం కాదు. నేను ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పనిచేశాను, అందులో సగానికి పైగా గృహరుణాల విభాగంలోనే గడిపాను. అప్పు కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఒక్క క్షణం గాలిలో ఆగిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో లెక్క వేసుకుని వచ్చినవాళ్ళే. లెక్క వేసుకోనివాళ్ళే గబగబా సంతకాలు పెట్టేసి, ఏ పేజీలో ఏముందో అడగకుండా వెళ్ళిపోయేవారు. మీ చెయ్యి ఆగిందంటే మీ లోపల ఎవరో లెక్క మొదలుపెట్టారన్నమాట. దాన్ని పూర్తి చేయనివ్వండి.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు కొన్న వస్తువుల వరుసలో నాకు తప్పు ఏదీ కనిపించలేదు. ఎండలో, వానలో ఉద్యోగానికి వెళ్ళేవాడికి బైకు అవసరం, కుటుంబం ఏర్పడినవాడికి ఇల్లు అవసరం. నాకు కనిపించినదల్లా ఆ వస్తువుల మధ్య ఉన్న సమయం. బైకుకు, కారుకు మధ్య గడిచిన సంవత్సరాల గురించి, అమెరికా నుంచి తిరిగి రావడానికి, ఫ్లాటు కొనడానికి మధ్య గడిచిన రోజుల గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమైనా లేదు. ప్రాజెక్టు అయ్యాక, రిజిస్ట్రేషన్ అయ్యాక, పాపకు సీటు వచ్చాక అనే మాటల మీదుగా ఈ పద్దెనిమిదేళ్ళూ నడిచిపోయాయి. ఊపిరి పీల్చుకునే రోజును మీరు ఎప్పటికప్పుడు వాయిదా వేస్తూ వచ్చారు. బ్యాంకులో వాయిదా తప్పితే మర్నాడే ఫోన్ వస్తుంది. ఈ వాయిదా ఎన్నిసార్లు తప్పినా అడిగేవాళ్ళు ఉండరు కాబట్టి ఇన్నాళ్ళూ మీకు తెలియలేదు.

వచ్చిన వస్తువు నెలకే మామూలైపోవడం మీ ఒక్కరి లోపం కాదు. మనిషి మనసు పనిచేసే తీరే అంత. ఫిలిప్ బ్రిక్‌మన్, డొనాల్డ్ క్యాంబెల్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1971లో ఈ తీరుకు ఒక పేరు పెట్టారు. ఆ పేరులో ఉన్న వస్తువు మీ ఇంట్లోనే ఉంది, దాని మీద ప్రస్తుతం బట్టలు ఆరుతున్నాయి. ఎంత పరుగెత్తినా ఉన్నచోటే ఉంచే ఆ ట్రెడ్‌మిల్‌తోనే వాళ్ళు మనిషి సుఖాన్ని పోల్చారు. అదే బ్రిక్‌మన్ 1978లో మరో ఇద్దరితో కలిసి, ఇలినాయ్ రాష్ట్రపు లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని, ఏమీ గెలవని మరో 22 మందిని ప్రశ్నించాడు. గెలిచినవాళ్ళు మిగతావాళ్ళకంటే చెప్పుకోదగినంత ఆనందంగా ఏమీ లేరన్న సంగతిని అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం అందులోని రెండో సంగతి. స్నేహితుడితో మాట్లాడటం, పొద్దున్నే ఫలహారం తినడం, ఒక హాస్యోక్తి వినడం, పత్రిక చదవడం వంటి మామూలు విషయాలు మీకు ఎంత ఆనందాన్ని ఇస్తున్నాయని అడిగితే, లాటరీ గెలిచినవాళ్ళు తక్కువ అని చెప్పారు. పెద్ద గెలుపు వచ్చి చిన్నవాటి రుచిని చప్పబరిచిందన్నమాట.

22 మందిని అడిగి లోకమంతటికీ సూత్రం చెప్పడం సరికాదనే మాట నిజమే. ఆ తర్వాత స్వీడన్‌లో వేలమంది లాటరీ విజేతలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనం, డబ్బు వచ్చినవాళ్ళలో జీవితం పట్ల సంతృప్తి పెరిగిందనీ, ఆ పెరుగుదల పదేళ్ళు దాటినా నిలిచిందనీ చెప్పింది. రోజువారీ ఆనందం మీద మాత్రం దాని ప్రభావం అంతకంటే తక్కువేనని కూడా అదే అధ్యయనం చెప్పింది. కాబట్టి ‘డబ్బుతో సుఖం రాదు’ అని నేను మీకు చెప్పను. నెలాఖరుకు అద్దె కట్టలేక వణికినవాళ్ళను చూసిన ఏ బ్యాంకు ఉద్యోగీ ఆ మాట అనలేడు. డబ్బు భద్రతను కొనిపెడుతుంది, ఆ భద్రత చిన్నది కాదు. మీ ఇబ్బంది వేరు. మీకు ఆ భద్రత చాలావరకు వచ్చేసింది, కానీ మీ మనసుకు ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

ఇక్కడ మీ నాన్నగారి అరుగు దగ్గర కాసేపు ఆగుదాం. మీరు ఆయన తృప్తిని ఆయన స్వభావంగా మాత్రమే చూస్తున్నారు, అది సగమే నిజం. 2011లో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడికి నెలనెలా పింఛను వస్తుంది, కరవు భత్యంతో పాటు అది పెరుగుతుంది, ఆయన తర్వాత మీ అమ్మగారికీ కుటుంబ పింఛను ఉంటుంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కొలువులో చేరినవాళ్ళకు ఆ పాత పింఛను లేదు. మీలాంటి ప్రైవేటు ఉద్యోగులకు అది మొదటి నుంచీ లేదు. అంటే సాయంత్రం ఐదింటికి ఆయన తాగే కాఫీలో డికాక్షన్, పాలు, చక్కెరతో పాటు ‘వచ్చే నెలా డబ్బు వస్తుంది’ అనే నిశ్చింత కూడా కలిసి ఉంది. మీ కప్పులో అది లేదు. కాబట్టి మీరు ‘ఆశ’ అనుకుంటూ సిగ్గుపడుతున్నదానిలో కొంత ఆశ కాదు, భయం. యాభై దాటాక ఈ ఉద్యోగం ఉంటుందా, పాప చదువు ఎలా, జబ్బు చేస్తే ఎలా అనే భయం. భయానికి తృప్తి గురించి ఉపదేశం చేయడం ఆకలికి భజన వినిపించడం లాంటిది.

ఈ భయానికి మందు ఉంది, అది అంకెల్లోనే ఉంది. ఒక ఆదివారం కూర్చుని కాగితం మీద రాయండి. ఉద్యోగం పోతే ఆరు నెలలు ఇల్లు నడవడానికి సరిపడే డబ్బు పక్కన ఉందా? మీ మీద ఆధారపడినవాళ్ళ కోసం టర్మ్ బీమా ఉందా? కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా కంపెనీతోనే పోతుంది కాబట్టి, మీ పేరు మీద విడిగా ఒకటి ఉందా? ప్రావిడెంట్ ఫండులో ఎంత ఉంది, అరవై ఏళ్ళ తర్వాత నెలకు ఎంత కావాలి? ఈ ప్రశ్నలకు జవాబులు రాస్తే, చివరికి ‘ఇంత’ అనే ఒక అంకె తేలుతుంది. అది పెద్దదే కావచ్చు. కానీ ఎంత పెద్దదైనా దానికి ఒక హద్దు ఉంటుంది. హద్దు తెలిసిన భయంతో కలిసి బతకవచ్చు. నేను చూసినంతలో, జీతాలు ఎంత పెరిగినా స్థిమితపడనివాళ్ళలో చాలామంది ఈ అంకెను ఎప్పుడూ రాసుకోనివాళ్ళే.

ఇప్పుడు ఆ కాగితం వెనకవైపు విల్లా లెక్క వేయండి. కోటీ నలభై లక్షలను ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు తీసుకుంటే, నెల వాయిదా సుమారు 1,21,500 రూపాయలు అవుతుంది. ఇరవై ఏళ్ళలో మీరు మొత్తం కట్టేది రెండు కోట్ల తొంభై ఒక్క లక్షలకు పైమాటే. అందులో వడ్డీయే కోటిన్నర. ఆఖరి వాయిదా కట్టేనాటికి మీకు 64 ఏళ్ళు వస్తాయి. చేతికొచ్చే జీతంలో దాదాపు సగం ప్రతినెలా ఐదో తారీఖుకల్లా వెళ్ళిపోతుంది. అప్పుడు ఈ ఉద్యోగం మీకు నచ్చినా నచ్చకపోయినా, ఒంట్లో బాగున్నా బాగోకపోయినా మానలేరు. మీరు భద్రత కోసం కొంటున్నామనుకునే ఈ ఇల్లు, మీ భయాన్ని ఇరవై ఏళ్ళకు రిజిస్టర్ చేయిస్తుంది.

మీకు కావలసింది నిశ్చింతే అయితే, బ్యాంకు గుమాస్తాగా నా దగ్గర దానికి చవక దారి ఒకటి ఉంది. ఇప్పుడున్న ఫ్లాటు అప్పును ముందుగా తీర్చడం మొదలుపెట్టండి. వ్యక్తులు మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందుగా కట్టేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద, మొదటి నుంచీ ఏటా ఒక్క వాయిదా అదనంగా కడుతూ వస్తే, ఇరవై ఏళ్ళ అప్పు సుమారు పదహారున్నర ఏళ్ళకే తీరిపోతుంది. మీరు మధ్యలో మొదలుపెట్టినా ప్రయోజనం తక్కువేమీ కాదు. అప్పు తీరాక తాకట్టు పెట్టిన దస్తావేజులను తిరిగి ఇచ్చే పని కొన్నాళ్ళు నాకే ఉండేది. కొత్త ఇంటి తాళాలు అందుకున్నవాళ్ళ ముఖాలూ చూశాను, పాత దస్తావేజులు అందుకున్నవాళ్ళ ముఖాలూ చూశాను. రెండోవాళ్ళు ఎక్కువసేపు కూర్చునేవారు. ఒక పెద్దాయన ఆ కాగితాలను ఒళ్ళో పెట్టుకుని, పని అయిపోయినా కదలకుండా, మా ఆఫీసు పంకా కింద అరగంట కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళాడు. మాతో ఏమీ మాట్లాడలేదు.

భయాన్ని పక్కన పెట్టాక మిగిలేది పోలిక. దానికి మాత్రం అంకె లేదు. వాట్సాప్ గ్రూపులో నలుగురు విల్లాలకు మారారని రాశారు. ఆ గ్రూపులో మొత్తం ఎంతమంది ఉన్నారో రాయలేదు. మారనివాళ్ళు గృహప్రవేశం ఫొటోలు పెట్టలేరు కదా. మనవాళ్ళు పొరుగింటి పుల్లకూర రుచి అన్న రోజుల్లో పొరుగిల్లు ఒక్కటే ఉండేది, ఆ ఇంట్లో ఏ రోజు ఏం మాడిందో గోడ ఇవతలికి వాసన వచ్చేది. ఇప్పుడు పొరుగిల్లు రెండు వందల ఇళ్ళయింది, ఏ ఇంటి మాడు వాసనా ఇవతలికి రాదు. ఆ గ్రూపును కొన్నాళ్ళు మూగబెట్టండి. ఇది చిన్న సలహాలా కనిపిస్తుంది, కానీ మీ విల్లా కోరిక ఎంతవరకు మీదో తెలుసుకోవడానికి అంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు. రెండు నెలలు ఎవరి గృహప్రవేశాన్నీ చూడకపోయినా ఆ ఇల్లు కలలోకి వస్తూనే ఉంటే, అప్పుడు దాని గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.

ఒక వస్తువు మరో వస్తువును తీసుకొస్తుందన్న సంగతి కూడా మీకు తెలిసిందే. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకుంటాడు, పిల్లికి పాలు కావాలని ఆవును తెచ్చుకుంటాడు, ఆవుకు గడ్డి కోసం పొలం, పొలానికి మనిషి, చివరికి సంసారం. ఆ కథను చిన్నప్పుడు విని నవ్వాం. నాలుగు పడక గదుల విల్లాకు మీ ఫ్లాటులోని సోఫా చిన్నదైపోతుంది, ఖాళీ గోడలు బొమ్మలు అడుగుతాయి, తోట తోటమాలిని అడుగుతుంది, పై అంతస్తు ఇంకో రెండు ఏసీలు అడుగుతుంది. కట్టేది వాయిదా ఒక్కటే అనుకుని లెక్క వేసుకునేవాళ్ళకు ఈ పిల్లీ ఆవూ తర్వాత కనిపిస్తాయి.

ఇక మీ అసలు ప్రశ్న: తృప్తిగా ఉండటం ఎలా? మన భాషలో దీనికి మంచి మాటలున్నాయి. ‘సంతోషం’ అన్న మాటను ఇప్పుడు మనం ఉత్సాహానికి, ఆనందానికి వాడుతున్నాం కానీ, దాని మూలం తుష్టి, అంటే తృప్తిపడటం. పతంజలి యోగసూత్రాలలో నియమాలలో ఒకటిగా చెప్పిన సంతోషం కూడా ఆ అర్థంలోనిదే. దాన్ని ఆయన శుభ్రత, తపస్సు, స్వాధ్యాయం వంటి వాటి పక్కన పెట్టాడు. అంటే అది వచ్చిపడే భావం కాదు, పళ్ళు తోముకున్నట్టు రోజూ చేసే పని. ఇంకో మాట ‘పదివేలు’. బలి చక్రవర్తి ఇంకేమైనా అడగమన్నప్పుడు, దొరికిన కొంచెమైనా పదివేలనుకుని తృప్తిపడనివాడికి ఏడు దీవులు ఇచ్చినా చాలవని పోతన తన వామనుడి చేత చెప్పిస్తాడు. ఐదు వందల ఏళ్ళు దాటినా మన ఇళ్ళల్లో ‘నువ్వు వచ్చావు, అదే పదివేలు’ అంటూనే ఉన్నాం. మూడడుగులు చాలన్నవాడే ముల్లోకాలూ కొలిచేశాడు కదా అని మీరు నన్ను నిలదీయవచ్చు. నిజమే, కానీ ఆ లెక్క బలి గర్వానికి సంబంధించినది. పైగా ఇప్పటి జీతాల్లో పదివేలు అన్న అంకె విలువ తగ్గిపోయింది, అందుకే ఆ మాట కూడా మనకు వినిపించడం మానేసిందేమో.

మూడోది ‘చాలు’. మన పెళ్ళి భోజనాల్లో విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి చాలు చాలు అంటుంటే, వడ్డించేవాడు ఆ వేళ్ళ సందుల్లోంచే ఇంకో గరిటె వేసి వెళ్ళిపోతాడు. తినేవాడు మొహమాటానికి అన్నాడని వడ్డించేవాడి నమ్మకం. మీ దగ్గరికి అప్పు తీసుకోండి, ఇల్లు కొనండి అని ఫోన్లు చేసేవాళ్ళంతా ఆ వడ్డించేవాళ్ళే. వాళ్ళకు చాలు అన్న మాట వినపడదు, వినపడితే వాళ్ళ వ్యాపారం సాగదు. అందుకే విస్తరి ముందు నుంచి మీరే లేవాలి.

అయితే ఈ తృప్తి గురించి మాట్లాడేటప్పుడు నాకు ఒక సంకోచం ఉంది, దాన్ని మీ దగ్గర దాచను. మన సమాజంలో ఉన్నదానితో సర్దుకుపొమ్మనే ఉపదేశం ఎక్కువగా లేనివాళ్ళకు, ఆడవాళ్ళకు చేశారు. ఉన్నవాళ్ళకు చేసింది తక్కువ. అందుకే మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపిన వాక్యం విల్లా గురించినది కాదు, ‘నా భార్య ఏమీ అడగదు’ అన్నది. ఆమె గురించి మీరు రాసింది ఆ నాలుగు ముక్కలే. ఏమీ అడగని మనిషి తృప్తిగా ఉండి అడగకపోవచ్చు, అడిగి అడిగి విసిగి మానేసి ఉండవచ్చు, లేదా ఆమెకు కావలసింది కొనేవాటిలో లేక అడగకపోవచ్చు. ఈ మూడింటికీ చాలా తేడా ఉంది, ఏది నిజమో హైదరాబాదులో మీ ఇంట్లో కాకుండా ఇక్కడ కూర్చున్న నాకు తెలిసే వీలు లేదు. కొల్లూరు వెళ్ళి ఇల్లు చూసినప్పుడు ఆమె మీ పక్కన ఉన్నారా? ఉంటే ఏ గదిలో ఎక్కువసేపు నిలబడ్డారు? ఇరవై ఏళ్ళ అప్పు మీద ఆమె సంతకం కూడా అడగవచ్చు. ఆ సంతకం కంటే ముందు ఆమె మాట అడగండి. ‘విల్లా కావాలా వద్దా’ అని కాదు. ‘నీకు రోజులో ఏ సమయం బాగుంటుంది, ఏ సమయం బాగుండదు’ అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. మొదటిరోజు ‘ఏముంది, అన్నీ బాగానే ఉన్నాయి’ అనవచ్చు. మర్నాడు మళ్ళీ అడగండి.

వ్యవసాయం, విపశ్యన సంగతి త్వరగా చెప్పేస్తాను. నేను కృష్ణా డెల్టాలో కౌలు రైతు ఇంట్లో పుట్టాను. కోతకు వచ్చిన వరి మీద తుపాను వాన పడితే మా నాన్న ముఖం ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆ పనిలో ప్రశాంతత ఉందని అనుకునేవాళ్ళు దాన్ని కారు అద్దంలోంచి చూసినవాళ్ళు. వ్యవసాయం మీద నిజంగా ఇష్టం ఉంటే రెండు సీజన్లు సెలవు రోజుల్లో ఒక రైతు వెంట తిరిగి, ఆ తర్వాత ఆలోచించండి. ఇష్టం లేకపోతే అది కూడా మీ జాబితాలో విల్లా పక్కన చేరే ఇంకో లక్ష్యమే అవుతుంది. విపశ్యన శిబిరాలకు రుసుము తీసుకోరు, పదో రోజు పొద్దుటిదాకా మాట లేకుండా ఉంటారు. వెళ్ళాలనిపిస్తే తప్పకుండా వెళ్ళండి. కానీ పదకొండో రోజున మీరు తిరిగి వచ్చేది ఈ ఇంటికే, ఈ క్యాలెండర్‌కే. ఇంకా ఒక ప్రమాదం ఉంది: మీలా ప్రతిదాన్నీ పూర్తి చేసి టిక్కు పెట్టే అలవాటు ఉన్నవాళ్ళు తృప్తిని కూడా ఒక లక్ష్యంగా మార్చేస్తారు, ఫోనులో ధ్యానం యాప్ పెట్టుకుని వరుసగా ఎన్ని రోజులు కూర్చున్నారో లెక్కపెడతారు, ఒకరోజు తప్పితే బాధపడతారు.

అందుకని నేను చెప్పేది చాలా మామూలుగా ఉంటుంది. ఆదివారం పొద్దున్నే పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చిపెట్టే యాప్‌ను తెరవకుండా, సంచీ తీసుకుని కూకట్‌పల్లి రైతుబజారుకు వెళ్ళండి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ బజార్లు 1999లో మొదలయ్యాయి, అప్పట్లో మా బ్యాంకు సిబ్బందిమి కూడా ఆఫీసు అయ్యాక గుంపుగా వెళ్ళేవాళ్ళం. గోంగూర ఎర్రదా తెల్లదా అని బేరమాడండి, వంకాయలు ఏరండి, పాపను కూడా తీసుకెళ్ళండి. ఇంటికి వచ్చి ఆకు మీరే తుంచండి. గోంగూర తుంచడంలో గెలుపు లేదు, పదోన్నతి లేదు, ఫొటో తీసి పెట్టేంత అందమూ లేదు. అరగంటలో అయిపోతుంది, మధ్యాహ్నానికి తినేస్తారు. ఇలాంటి పని వారంలో ఒకటైనా మీ చేతుల మీదుగా జరగాలి. పద్దెనిమిదేళ్ళుగా మీ చేతులు మరోదాని కోసం చేసే పనులే చేశాయి.

పాప విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది, పైగా ఇది మిగతావాటికంటే తొందరైనది. ఎనిమిదో తరగతిలో ఫౌండేషన్ కోర్సు చదివే పిల్ల మీ మాటలోని ‘అది అయ్యాక’ను అచ్చంగా నేర్చుకుంటోంది. ర్యాంకు వచ్చాక, సీటు వచ్చాక, ప్లేస్‌మెంట్ వచ్చాక. ఆమెకు లెక్కలంటే ఇష్టం ఉంటే ఆ కోర్సు ఉంచండి, లేకపోతే మానిపించడం వల్ల మునిగిపోయేది ఏమీ లేదు. ఏదైనా సరే, వారంలో ఒక సాయంత్రం ఆమె మీతో ఏ పనీ లేకుండా ఉండాలి. మొదటి రెండు వారాలు ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది, ఏం మాట్లాడాలో తోచదు. అదేమీ ఫర్వాలేదు.

లక్ష్యాలన్నీ వదిలేయమని నేను చెప్పడం లేదు. మీరు వదలలేరు, వదలనక్కరలేదు కూడా. చేరడానికి ముందే బాగుండే లక్ష్యాలు కొన్ని ఉంటాయి, చేరితే తప్ప బాగుండనివి కొన్ని ఉంటాయి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక పదోన్నతి కోసం నేను మూడేళ్ళు పండక్కి పుట్టింటికి వెళ్ళలేదు. పదోన్నతి వచ్చింది, కొత్త కుర్చీ వెనక్కి ఇంకొంచెం ఎక్కువ వాలింది, అంతే. పదవీ విరమణ తర్వాత, అరవై రెండో ఏట వీణ మొదలుపెట్టాను. ఐదేళ్ళయింది, సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు దాటి ఇంకా గీతాల దగ్గరే ఉన్నాను, నాతో మొదలుపెట్టిన పదేళ్ళ పిల్లలు వర్ణాలు వాయిస్తున్నారు. నేను కచేరీ చేయనని మా గురువుగారికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా పొద్దున ఆరింటికి తీగ సరిగ్గా పలికిన రోజున ఆ పూటంతా బాగుంటుంది, పలకని రోజున మర్నాటి కోసం చూస్తాను. మీకు అలాంటిది ఏమైనా ఉండేదా? తెనాలిలో చదువుకునే రోజుల్లో ఊరికే చేసిన పని ఏదైనా? ఉత్తరంలో రాయలేదు కానీ, ఉండే ఉంటుంది.

అడ్వాన్సు విషయానికి వస్తే, ఈ నెలాఖరుకు కట్టకండి. ‘ఈ ధర ఈ నెల వరకే’ అని చెబుతారు. నా ఉద్యోగ జీవితమంతా ఆ మాట విన్నాను, తర్వాతి నెలలో కూడా అవే ఇళ్ళు ఉండేవి. లెక్క కాగితం పూర్తయ్యాక, మీ ఆవిడ మాట విన్నాక, గ్రూపు రెండు నెలలు మూగబోయాక కూడా ఆ ఇల్లు మీ ఇద్దరికీ కావాలనిపిస్తే, అప్పుడు చేయవలసిన అప్పు ఎంత తగ్గించవచ్చో చూద్దాం, నాకు మళ్ళీ రాయండి.

ఈలోగా ఒక శనివారం తెనాలి వెళ్ళి రండి. లాప్‌టాప్ సంచీ తీసుకెళ్ళకండి. తృప్తి రహస్యమేమిటని మీ నాన్నగారిని అడగకండి, ఆయనకు అది ఇబ్బందిగా ఉంటుంది. ఐదింటికి అరుగు మీద ఆయన పక్కన కూర్చోండి. కాఫీ ఆయన కలిపితే, గ్లాసులు మీరు కడగండి.